మా కాక ఆపించిన సినిమా

ఇప్పుడంటే ఊరికి నలుగురు ఫోను చేతిలో పట్టుకుని సినిమాలు తీసేస్తున్నారు. పొద్దున తీసింది సాయంత్రానికల్లా అందరి అరచేతుల్లోకి వచ్చేస్తోంది, ఎవరూ ఎవరినీ చూసి ఉలిక్కిపడటం లేదు. కామారెడ్డి ఇంకా జిల్లా కాని ఆ రోజుల్లో అలా కాదు. ఎల్లారెడ్డి వైపు కెమెరా వచ్చిందంటే పెళ్లికైనా వచ్చి ఉండాలి, మంత్రిగారి వెంటైనా వచ్చి ఉండాలి. మూడో కారణం ఒకటి ఉంటుందని మాకు తెలియదు. అందుకే ఉలిక్కిపడటానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండేవాళ్లం. పత్రికలో పనిచేసినవాణ్ని కాబట్టి ఆ తర్వాత నేను చాలా చూశాను, చాలాసార్లు అదిరిపడ్డాను. కానీ ఎల్లారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్లో, పట్టపగలు, ధాన్యం మీద కప్పే తార్పాలిన్లు కిటికీలకు కట్టి చీకటి చేసిన ఆ గదిలో, మా చెల్లెలు నోట్లో బీడీతో తెర నిండా కనిపించినప్పుడు అదిరినంతగా మళ్లీ ఎప్పుడూ అదరలేదు.

అప్పుడు నేను కామారెడ్డిలో ఒక దినపత్రికకు కొత్త విలేకరిని. వయసు ఇరవై నాలుగు. భుజాన సంచి, జేబులో రెండు పెన్నులు (ఒకటి రాయదు, అయినా ఉండాలి), మోటారు సైకిలు ముందు రేకు మీద 'ప్రెస్' అన్న అక్షరాలు. బండి కంటే ఆ అక్షరాలే పెద్దగా కనిపించేవి. మా వృత్తికి ఒక అలవాటుంది. ఊళ్లో ఏం జరిగినా దానికి సరిపోయే వాక్యం మా దగ్గర ముందే తయారుగా ఉంటుంది. జనం వస్తే 'భారీగా తరలివచ్చారు', రాకపోతే 'పలువురు పాల్గొన్నారు'. నాటకమైనా, బుర్రకథైనా, సబ్బు అమ్మేవాడు వేసిన వీధి ప్రదర్శనైనా 'సందేశాత్మకం'. ఆ మాట నాకు ఎంత అలవాటైందంటే, ఒకసారి సర్కసు గురించి కూడా అలాగే రాశాను. డెస్కులో సారు ఫోన్ చేసి, "ఎలుగుబంటి ఏం సందేశం ఇచ్చిందయ్యా?" అని అడిగారు. అయినా బుద్ధి రాలేదు.

మా కాక, అంటే నాన్నకు తమ్ముడు, ఎల్లారెడ్డి దాటాక ఉన్న మా ఊళ్లో ఉండేవాడు. ఉమ్మడి పొలమంతా ఆయనే చూసేవాడు. మనిషి మంచివాడే, కానీ ఇంట్లో ఆయన మాట్లాడే పద్ధతి ఒకటుండేది. ముందు గొంతు రెండుసార్లు సవరించుకునేవాడు. తర్వాత ఎడమ భుజం మీద తువ్వాల తీసి కుడి భుజం మీద వేసుకునేవాడు. ఆ తర్వాత, "నా మాట ఇను. అయిపోయింది" అనేవాడు. అంతే, అయిపోయేది. పొలంలో ఏ పంట వేయాలన్నా, ఇంటికి ఏ రంగు కొట్టాలన్నా, చివరికి కూరలో కారం ఎంత పడాలన్నా చర్చ మొత్తం అంతసేపే. చిన్నమ్మ ఆ తువ్వాల కదలడం చూసి, మాట రాకముందే లేచి వెళ్లిపోయేది.

ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి చిందు భాగోతం. ఏటా మా ఊరికి వచ్చే మేళం ముందు మొదటి వరసలో చాప వేసుకుని కూర్చునేవాడు. తెలియనివారి కోసం చెబుతున్నాను, మా దగ్గర భాగోతం చూడటమంటే నోరు మూసుకుని చూడటం కాదు. ఏ వేషమైనా మనసుకు తాకిందంటే, చూసేవాడు లేచి, "ఆపున్రి!" అంటాడు. ఎంత రసవత్తరమైన ఘట్టమైనా సరే, హార్మోనియం ఆగిపోతుంది, మద్దెల ఆగిపోతుంది. ఆయన ముందుకెళ్లి ఆ వేషగాడికి నోటు ఇస్తాడు, లేదంటే గుడ్డ కప్పుతాడు. అప్పుడు మేళం పెద్ద ఆ దాత పేరు, తండ్రి పేరు, ఊరు పేరు అందరికీ వినబడేలా చదువుతాడు. దాన్ని చదివింపు అంటారు. అది అయ్యాకే దుర్యోధనుడు మళ్లీ తొడ కొడతాడు. మా కాక చేతిలో ఎన్ని యుద్ధాలు మధ్యలో ఆగిపోయాయో లెక్కలేదు. "పేరు సదువుతుంటె ఇనుడంటె మావానికి పానం" అని మా నాయనమ్మ నవ్వేది.

కాకకు ఒక్కతే కూతురు, చిన్ని. కామారెడ్డిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతుండేది. నన్ను అన్నా అని పిలిచేది, నేను రాసిన వార్తలు చదివి ఎర్ర పెన్నుతో దిద్ది పంపేది. ఇంటర్ తర్వాత హైదరాబాద్‌లో డిగ్రీ చదవాలని దాని కోరిక. ఎప్పుడడిగినా కాక, "ఎల్లారెడ్డిల లేదా కాలేజీ? కామారెడ్డిల లేదా? నా మాట ఇను..." అని తువ్వాల తీసేవాడు. మిగతా వాక్యం మీకు తెలుసు.

ఈ పరిస్థితుల్లో గడ్డం దిగాడు. గడ్డం అంటే నాతోపాటు డిగ్రీ చదివిన మిత్రుడు. బీర్కూర్ దగ్గరివాడు. సినిమాలంటూ హైదరాబాద్ వెళ్లి, కొన్నేళ్లకు ఒక గడ్డంతోనూ, ఎవరిదో అడిగి తెచ్చిన కెమెరాతోనూ తిరిగొచ్చాడు. పదహారేళ్ల పల్లెటూరి పిల్ల మీద ఒక స్వతంత్ర చిత్రం తీస్తున్నానని, ఇల్లు, ఊరు, పిల్ల అన్నీ కావాలని అన్నాడు. మా కాక ఇల్లు, మా ఊరు, మా చిన్ని అతనికి నచ్చాయి. నేను తీసుకెళ్లి కాక ముందు కూర్చోబెట్టాను.

"స్వతంత్ర చిత్రమంటె ఏంది? గాంధీ కతనా? ఆగస్టుల వేస్తరా?" అన్నాడు కాక.

"కాదంకుల్, అంటే... ఒక అమ్మాయి మనసు గురించి" అన్నాడు గడ్డం.

"అంకుల్ గింకుల్ ఏంది, కాకా అను. మనసు గురించంటె, సదువు గురించేనా?"

గడ్డం నావైపు చూశాడు. నేను కాకవైపు చూసి ఏమాత్రం ఆలోచించకుండా, "సదువు గురించే కాకా. సందేశాత్మకం. నాది పూచీ" అన్నాను. (ఆ వాక్యం నోట్లోంచి దానంతటదే వచ్చింది, వృత్తిదోషం.) కాక గొంతు సవరించుకుని ఒప్పుకున్నాడు.

దసరా సెలవుల్లో షూటింగ్ మొదలైంది. పిల్లకు తండ్రి వేషం మా ఊరి టైలర్‌కు పడింది. అతను ఊళ్లో అందరికంటే మెత్తటి మనిషి, కొలత తీసుకునేటప్పుడు కూడా 'నొప్పి పెడుతోందా' అని అడిగే రకం. పగటి షూటింగ్‌ను ఊరంతా చుట్టూ నిలబడి చూసింది (జనం లేవకముందే కొంత తీసేవారని తర్వాత తెలిసింది). అయినా ఆ సినిమా దేని గురించో ఒక్కరికీ తెలియకపోవడానికి కారణం గడ్డం పెట్టిన పద్ధతే. మాటలు ఇంకా రాయలేదని, తర్వాత అతికిస్తానని, అప్పటిదాకా పెదవులు కదిలితే చాలని అతను అందరితో అంకెలు చెప్పించాడు. సినిమావాళ్లకు అది మామూలేనట. మాకు మామూలు కాదు. మా వాకిట్లో టైలర్ కళ్లు ఎర్రజేసి, "పదకొండు! పన్నెండు! పదమూడు!" అని గర్జించేవాడు. చిన్ని కన్నీళ్లు మింగుతూ, "పద్నాలుగు... పదిహేను..." అనేది. టైలర్ చెయ్యెత్తి, "పదహారు!" అని అరిచేవాడు.

"పిల్లకు ఎక్కాలు రాకుంటె గంతగనం మీదికొస్తరా? మంచిగ జెప్పరాదుర?" అని నాయనమ్మ గోడ అవతల నుంచి టైలర్‌ను కోప్పడింది.

"ఊకో అవ్వా. లెక్కలు గట్లనే అస్తయి" అన్నాడు కాక తృప్తిగా. ఊరు మొత్తం తీర్మానించుకుంది: ఇది లెక్కల సినిమా. మర్నాడు నేను కూడా 'బాలికా విద్య ఆవశ్యకతను చాటే సందేశాత్మక చిత్రం' అని వార్త రాశాను. అందులో గణితం ప్రాధాన్యం గురించి ఒక పేరా కూడా ఉంది. అచ్చులో చూశాక ఊరికి ఇక అనుమానమే లేకుండా పోయింది. కాక ఆ ముక్క కత్తిరించి దేవుడి పటం పక్కన అంటించాడు.

చలికాలంలో మాటలు అతికించే పని కామారెడ్డిలో నా అద్దె గదిలోనే జరిగింది. గోడలకు బొంతలు వేలాడదీసి, ఫ్యాను ఆపి, మైకు పెట్టుకున్నారు. చిన్ని హాస్టల్ నుంచి వచ్చేది, టైలర్ గుండీలు కొనే పని పెట్టుకుని బస్సులో వచ్చేవాడు. నేను వార్తల కోసం తిరిగి సాయంత్రానికి గదికొస్తే ముగ్గురూ చప్పున మాటలాపి టీ తాగుతూ కనిపించేవాళ్లు. నేను దాన్ని నా మీద గౌరవం అనుకున్నాను.

ఎండాకాలం చివర, ఇంటర్ ఫలితాలు వచ్చాక, గడ్డం సినిమాను మొట్టమొదట మా వాళ్లకే చూపిస్తానన్నాడు. ఎల్లారెడ్డిలో ఫంక్షన్ హాలు, పొద్దున పదకొండుకి ఆట. మా ఊరి నుంచి రెండు ట్రాక్టర్లలో జనం వచ్చారు. ఆడవాళ్లు పట్టుచీరలు కట్టుకున్నారు. బడిపిల్లలను కూడా తెచ్చారు, లెక్కలు నేర్చుకుంటారని. నేను బయట చెరకు రసం బండి దగ్గర నిలబడి 'భారీగా తరలివచ్చారు' అని మనసులో రాసుకుంటుంటే చిన్ని వచ్చి పక్కన నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది.

"అన్నా, డిగ్రీల చేరాల్నంటె వచ్చే వారమే ఆఖరు. బాపును మల్ల అడిగిన. మల్ల తువ్వాల తీసిండు."

"సినిమా చూసి సంతోషపడతాడు కదా, అప్పుడు నేను అడుగుతాలే" అన్నాను పెద్దరికంగా.

"నువ్వు సూసినవా సినిమా?"

"లేదు. వార్త రాశాను కదా."

అది నన్ను ఒక రకంగా చూసింది. "అన్నా, అది లెక్కల సినిమా కాదు. పిల్లను సదువు మాన్పిస్తరు. పిల్ల ఆగమైతది. మొండిదైతది. శాన పనులు జేస్తది. బాపుకు ఇంట్ల జెప్తె ఇనడు గద, తెర గుడ్డ మీదనన్న ఇంటడేమోనని... ఇంట్ల తండ్రెట్ల మాట్లాడ్తడని గడ్డమన్న అడిగిండు. నేను జెప్పిన. అన్ని జెప్పిన."

"ఏ తండ్రి?" అన్నాను, చెరకు రసం గ్లాసు బండి మీద పెట్టి.

"నాకెందరున్నరన్నా తండ్రులు?"

ఇది చెడితే హైదరాబాద్ సంగతి దేవుడెరుగు, రేపటి నుంచి అది కామారెడ్డి మొహం కూడా చూడదు. దానికీ తెలుసు, నాకూ తెలిసింది. ఆపేద్దామా అనేలోపు లోపల తార్పాలిన్లు దించేశారు. నేను తలుపుకు అన్నిటికంటే దగ్గరున్న కుర్చీలో కూర్చుని, బండి తాళంచెవి పిడికిట్లో పెట్టుకున్నాను.

మొదటి దృశ్యమే బీడీ. పొలం గట్టు మీద సూర్యోదయం, ఆ వెలుగులో చిన్ని ముఖం, పెదాల మధ్య బీడీ, ముక్కులోంచి పొగ. (అసలు వెలిగించనే లేదని, పొగ అగరుబత్తులదని తర్వాత తెలిసింది. తర్వాత తెలిసి ఏం లాభం?) హాలంతా ఒక్కసారి ఊపిరి లోపలికి పీల్చింది. ఆ చప్పుడు నాకిప్పటికీ గుర్తుంది.

"ఓర్నాయనో! పోరి బీడీ తాగుతాంది!" అంది నాయనమ్మ.

"ముట్టిచ్చే దిక్కు నోట్లె వెట్టుకుంది సూడే" అంది వెనక వరసలో బీడీలు చుట్టే ఒకామె, ఆమె బాధ వేరే.

బడిపిల్లలు కేరింతలు కొట్టారు. ఎవరో వాళ్ల కళ్లు మూయబోయారు, కానీ ఒక్కరికి రెండు చేతులే ఉంటాయి కదా. తెర మీద పిల్ల పుస్తకాల సంచిని చెత్తకుప్ప మంటలో వేసింది. హెడ్మాస్టరు మోటారు సైకిలు అద్దం మీద రాయి వేసింది. (హాల్లో ఉన్న నిజం హెడ్మాస్టరు లేచి బయటికి వెళ్లి తన బండి చూసుకుని వచ్చాడు.) ఆ తర్వాత గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెర తీసుకుని, అద్దం ముందు నిలబడి, నడుము దాకా ఉన్న జడను మెడ దగ్గర కరకరా కోసేసింది. చిన్నమ్మ కెవ్వుమంది. నాయనమ్మ చీకట్లో పక్కనున్న చిన్ని తల తడిమి, జడ పట్టుకుని గట్టిగా లాగి చూసి, "ఉన్నదే! ఉన్నది ఉన్నది" అని హాలంతటికీ ప్రకటించింది. కోసింది సవరాన్నట.

నేను కాకను చూడకూడదనుకుంటూనే చూశాను. మొదటి వరసలో నిటారుగా కూర్చున్నాడు. రాయిలా ఉన్నాడు.

అసలు దెబ్బ అప్పుడే పడింది. తెర మీదకు తండ్రి వచ్చాడు. మా మెత్తటి టైలర్ వాకిట్లో నిలబడి గొంతు రెండుసార్లు సవరించుకున్నాడు. ఎడమ భుజం మీది తువ్వాల తీసి కుడి భుజం మీద వేసుకున్నాడు. "నా మాట ఇను. అయిపోయింది" అన్నాడు.

హాలు చల్లబడిపోయింది. ఒక తల మెల్లగా కాకవైపు తిరిగింది. తర్వాత ఇంకొకటి. తర్వాత వరసలకు వరసలే తిరిగాయి. తెర మీది వెలుగులో అందరి ముఖాలూ కనిపిస్తున్నాయి, ఒక్కరూ తెరను చూడటం లేదు. ఆ క్షణంలో కాక (దేవుడి మీద ఒట్టు, కల్పించడం లేదు) తనకు తెలియకుండానే గొంతు రెండుసార్లు సవరించుకుని, ఎడమ భుజం మీది తువ్వాల తీసి కుడి భుజం మీద వేసుకున్నాడు.

ఎవరో ఫక్కున నవ్వారు. హాలంతా నవ్వింది, వెంటనే హాలంతా నోరు మూసుకుంది. అంత పెద్ద నవ్వు అంత త్వరగా ఆగడం నేను మళ్లీ చూడలేదు. గోడవార నిలబడిన టైలర్ స్తంభం వెనక్కి జరిగాడు. అతను లావుపాటి మనిషి, స్తంభం సన్నది.

తెర మీద ఇప్పుడు పిల్ల తలకు గుడ్డ కట్టుకుని ఊరి నీళ్ల ట్యాంకు ఎక్కింది. కింద ఊరు ఊరంతా నిలబడి దిగమంటోంది. (ఆ జనం ఇప్పుడు హాల్లో కూర్చున్న జనమే. షూటింగ్ రోజు ట్యాంకు మీద ఎవరూ లేరు, వాళ్లకు ఇది పోలియో చుక్కల కార్యక్రమం అని చెప్పారట.) తండ్రి కింది నుంచి, "దిగు. నా మాట ఇను. అయిపోయింది" అన్నాడు. పైనుంచి పిల్ల అరవలేదు, ఏడవలేదు. రోజూ ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

"నీ మాట ఎప్పుడో అయిపోయింది బాపూ. నాది ఇంక షురువే కాలే."

ఆ గొంతు నా గదిలో, నా బొంతల మధ్య, నేను లేనప్పుడు పలికిన గొంతు. అదే సమయంలో మొదటి వరసలో కుర్చీ కిర్రుమని వెనక్కి జరిగింది. కాక లేచి నిలబడ్డాడు.

"ఆపున్రి!"

గడ్డం కంగారులో మీట నొక్కేశాడు, సినిమా నిజంగానే ఆగిపోయింది. తెర మీద ట్యాంకు అంచున కూర్చున్న చిన్ని ముఖం అలాగే నిలిచిపోయింది. ఎవరో తార్పాలిన్ కొద్దిగా తొలగించారు. చిన్నమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్ని తల దించుకుని కూర్చుంది, దాని చేయి నాయనమ్మ చేతిలో ఉంది. నేను తాళంచెవి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, సాయంత్రం దాకా అరచేతిలో దాని అచ్చు పోలేదు. కాక గడ్డం వైపు నడుస్తాడనుకున్నాను. లేదు, నా వైపు అనుకున్నాను. అదీ లేదు. తిన్నగా స్తంభం దగ్గరికి వెళ్లాడు.

"ఇటు రా" అన్నాడు టైలర్‌తో.

"అన్నా, నాదేం లేదన్నా. మొదాలు అంకెలే జెప్పమన్నరన్నా. బాంచెన్, నీ అంగీలు నేనే కుడ్తగదన్నా" అన్నాడు టైలర్, ఏం మాట్లాడుతున్నాడో తనకే తెలియకుండా.

కాక అతని చెయ్యి పట్టుకుని తెర ముందుకు తీసుకొచ్చాడు. హాలు హాలంతా సగం లేచింది, కొట్టబోతే పట్టుకుందామని. కాక తన భుజం మీది తువ్వాల తీశాడు. దులిపాడు. టైలర్ కళ్లు మూసుకున్నాడు. కాక ఆ తువ్వాలను అతని భుజాల చుట్టూ కప్పి, చెంగు సరిచేసి, ఒక అడుగు వెనక్కి జరిగి, వేషాన్ని పరీక్షగా చూశాడు.

"నా లెక్కనే జేసినవ్‌ర. నేను కూసోని అన, నిలవడి అంట. గది నువ్వు మంచిగ వట్టినవ్." తర్వాత గడ్డం వైపు తిరిగాడు. "సదువు."

"ఏం చదవాలంకుల్?" అన్నాడు గడ్డం ఏడుపు గొంతుతో. హైదరాబాద్‌లో ఎవరూ అతనికి ఇది నేర్పలేదు.

"నా పేరు! సదివింపు!"

గడ్డానికి అర్థం కాలేదు కానీ నాకు అర్థమైంది. వెళ్లి మైకు తీసుకున్నాను. మేళం పెద్ద గొంతు గుర్తు తెచ్చుకుని, మా కాక పేరు, మా తాత పేరు, మా ఊరు పేరు, తండ్రి వేషం కట్టిన టైలర్‌కు తువ్వాల చదివించిన సంగతి గట్టిగా చదివాను. ఎవరో చప్పట్లు కొట్టారు, నాయనమ్మే అనుకుంటాను. తర్వాత హాలంతా కొట్టింది.

"మరి పిల్లకు?" అంది నాయనమ్మ కుర్చీలోంచే.

కాక తెర మీద ఆగిపోయిన ముఖం వైపు కాసేపు చూశాడు. కూతురు ఉన్న వైపు మాత్రం చూడలేదు. "పిల్ల ఇంక ట్యాంకు దిగలే గద అవ్వా. కత కానియ్యి" అని వెళ్లి కూర్చున్నాడు. భుజం మీద తువ్వాల లేకపోవడంతో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.

సినిమా మళ్లీ మొదలైంది. పిల్ల ట్యాంకు దిగింది. ఒక తెల్లవారుజామున సంచి భుజాన వేసుకుని కామారెడ్డి బస్టాండుకొచ్చింది. బెంచీ మీద కూర్చుంది. బస్సులు వచ్చాయి, పోయాయి. పిల్ల లేచింది. ఒక బస్సు మన కళ్లకు అడ్డంగా వచ్చింది. అది పోయేసరికి బెంచీ ఖాళీగా ఉంది. పేర్లు పడ్డాయి.

తార్పాలిన్లు తీశారు. ఎండ లోపలికి పడింది. ఎవరూ లేవలేదు, ఇంకా ఉందనుకున్నారు.

"మిగిలింది వెయ్యి" అన్నాడు కాక.

"అయిపోయిందంకుల్" అన్నాడు గడ్డం.

"ఎట్ల అయిపోతది? పిల్ల ఏడికి వోయింది?"

గడ్డం ఇలాంటి ప్రశ్నకే ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నట్టు ముఖం వెలిగించుకున్నాడు. "అది ప్రేక్షకుడికే వదిలేశామంకుల్."

కాక బిత్తరపోయాడు. బీడీకి అదరనివాడు, జడ కోస్తే అదరనివాడు, తననే తెర మీద చూసి అదరనివాడు ఆ మాటకు అదిరిపోయాడు. "ఏందీ? ఆడివిల్లను బస్టాండుల ఒదిలేసి అచ్చినవా? ఒక్కదాన్నే? తోడు ఎవలు లేకుంట? పైంగ మాకు ఒదిలేసిన అంటవా? భాగోతంల మంగళం పాడకుంట ఎవలన్న లేస్తరా? పిల్ల బస్సెక్కిందా? ఎక్కితె యే బస్సు? దిగినంక ఫోన్ జేసిందా?"

"అది మీ ఊహకు..."

"నా ఊహకు పానం వోతాంది ఈడ!"

జనం కాక పక్షం చేరారు. బీడీలు చుట్టే ఆమె, "గా పిల్ల తినలేదు గూడ" అంది. టైలర్ కప్పిన తువ్వాలతోనే ముందుకొచ్చి, "నేనన్న ఎంట వోయి ఎక్కిచ్చెటోన్ని, నన్ను పిలువలే" అన్నాడు బాధగా. గడ్డం గడ్డం నిమురుకుంటూ నిలబడిపోయాడు. ఎన్నెన్ని ప్రశ్నలకు సిద్ధపడి వచ్చాడో పాపం, పిల్ల తిన్నదా అన్న ప్రశ్నకు సిద్ధపడలేదు. "నీ సినిమా కాలే" అని తేల్చి చెప్పి కాక ట్రాక్టర్ ఎక్కాడు. చిన్నితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ట్రాక్టర్ మలుపు తిరిగేదాకా అది నన్నే చూస్తూ వెళ్లింది. 'ఇన్నడా, ఇనలేదా అన్నా?' అన్నట్టుంది ఆ చూపు. నాకు తెలియదు.

ఆ తర్వాత కొన్ని రోజులు ఊరి నుంచి ఏ కబురూ లేదు. నేను ఫోన్ చేయలేదు, ధైర్యం చాలక. డెస్కు వాళ్లు సినిమా వార్త అడిగితే 'పలువురు పాల్గొన్నారు' అని ఊరుకున్నాను. ఒకరోజు సాయంత్రం కాకే ఫోన్ చేశాడు. "రేపు పొద్దుగాల కామారెడ్డి బస్టాండుకు రా. నా మాట ఇను" అన్నాడు. ఆగాడు. తర్వాతి మాట రాలేదు. ఫోన్ పెట్టేశాడు. ఆ మాట రాకపోవడం నన్ను ఇంకా భయపెట్టింది.

వెళ్లేసరికి ఆ బెంచీ మీదే, సినిమాలో పిల్ల కూర్చున్న బెంచీ మీదే ఉన్నారిద్దరూ. పక్కన రేకు పెట్టె, మామిడికాయ తొక్కు జాడీ, బియ్యం మూట. కాక భుజం మీద కొత్త తువ్వాల ఉంది. చిన్ని కళ్లు ఉబ్బి ఉన్నాయి, ముఖం మాత్రం నవ్వుతోంది. హైదరాబాద్ బస్సు వచ్చింది. కాక పెట్టె పైకి ఎక్కించాడు, కూతుర్ని కిటికీ పక్కన కూర్చోబెట్టాడు, తాను కూడా ఎక్కి పక్కన కూర్చున్నాడు. నేను కిటికీ కింద నిలబడ్డాను.

"బాపూ, టైలర్‌కాకకు తువ్వాల సదివిచ్చినవ్. మరి నాకు?" అంది చిన్ని, నాకు వినబడేలా.

కాక గొంతు రెండుసార్లు సవరించుకున్నాడు. చెయ్యి తువ్వాల దాకా వెళ్లి ఆగింది, కిందికి దిగింది. "కాలేజీల నీ పేరెంబడి నా పేరు సదువుతరా, సదువరా?"

"సదువుతరు."

"గంతె. గట్టిగ సదువుమను."

బస్సు కదులుతుంటే కాక కిటికీలోంచి తల బయటపెట్టి నావైపు అరిచాడు. "ఓరి, గా గడ్డపాయినెకు ఫోన్ జెయ్యి! పిల్ల ఏడికి వోయిందో ఎరుకైందని జెప్పు! ఎంట తండ్రి గూడ వోయిండని జెప్పు!"

చిన్ని ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. హాజరు తీసుకునేటప్పుడు పిల్లల పేర్లు చాలా గట్టిగా చదువుతుందట. టైలర్ ఆ తువ్వాలను ఇప్పటికీ మిషను మీద కప్పుతాడు. గడ్డం ఆ తర్వాత ఎన్ని తీసినా మనిషిని బస్టాండులో మాత్రం వదిలిపెట్టలేదు. ఆ సినిమా ఇప్పుడు నా ఫోన్లో ఉంది. ఎప్పుడైనా వేసుకుని చూస్తే తెర మీద చిన్ని కంటే నాకు ఎక్కువగా గుర్తొచ్చేది, ఆ హాల్లో తలుపు పక్క కుర్చీలో తాళంచెవి పిడికిట్లో బిగించుకుని కూర్చున్న, ఏ సంగతైనా చూడకముందే రాసేయగల ఆ ఇరవై నాలుగేళ్ల కుర్రాడు. వాడి భుజం మీద చెయ్యి వేసి, పారిపోకు, కూర్చో నాయనా, ఇంకా మంగళం పాడలేదు అని చెప్పాలనిపిస్తుంది.